వేగమంతా ఆగడంలోనే ఉంది

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 130 మీటర్ల రైలు పట్టాను ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్కగా తీస్తారు. ఆ పట్టా ఒక కొసన సుత్తితో కొడితే, రెండో కొసన చెవి ఆనించిన మనిషికి దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,000 మీటర్లు వెళ్తుంది కాబట్టి మొదటి చప్పుడు దాదాపు సెకనులో నలభయ్యో వంతుకే చేరిపోతుంది. గాలిలో దాని వేగం సెకనుకు 345 మీటర్లే. అందుకే రెండో చప్పుడు రావడానికి సెకనులో మూడో వంతు పైనే పడుతుంది.

శబ్దం ఎంత వేగంగా వెళ్తుందో నిర్ణయించేది అది ప్రయాణించే పదార్థం. గాలిలోకి వచ్చాక అయిదు వేల రూపాయల స్పీకర్ శబ్దానికీ, అయిదు లక్షల స్పీకర్ శబ్దానికీ వేగంలో ఏ తేడా ఉండదు. మూడు మీటర్ల దూరంలో కూర్చున్న శ్రోతను రెండూ 9 మిల్లీసెకన్లలోపే చేరతాయి. అయినా భిలాయ్ సివిక్ సెంటర్‌లోనైనా, సుపేలా బజారులోనైనా, మన విశాఖ, హైదరాబాద్ దుకాణాల్లోనైనా స్పీకర్లు చూపించేవాళ్లు ‘ఇది ఫాస్ట్‌గా ఉంటుంది’, ‘బేస్ టైట్‌గా పడుతుంది’ అంటారు. కొని తెచ్చుకున్నవాళ్లు ఇంట్లో పెట్టి విని, ‘బేస్ సాగుతోంది’, ‘దెబ్బ పడట్లేదు’ అని బాధపడతారు. ఈ మాటలు ఉత్త ఊహలు కావు. చెవి నిజంగానే ఒక తేడాను పట్టుకుంటోంది. ఆ తేడా ఎక్కడ పుడుతోందో తెలియకపోవడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

చెవికి పరీక్ష పెట్టే పాట

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి భిలాయ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం వాళ్లకు సొంతూరి బాట. ఆ కుటుంబాల చెవులకు రెండు కథాగానాలు పరిచయం. ఒకటి మన బుర్రకథ. రెండోది ఛత్తీస్‌గఢ్ పండవానీ. పండవానీని ప్రపంచమంతటికీ వినిపించిన తీజన్ బాయిది భిలాయ్ దగ్గరి గనియారి గ్రామం. ఆమె భిలాయ్ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం కూడా చేశారు. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. బుర్రకథకు గౌరవం తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

స్పీకర్ వేగాన్ని పరీక్షించడానికి ఈ రెండు కళలను మించిన రికార్డింగులు దొరకడం కష్టం. కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. పండవానీలో తంబూర, చిడతలు, తబలా, ఢోలక్, హార్మోనియం ఉంటాయి. బుర్రకథలో కథకుడి భుజాన తంబుర, వేళ్లకు తొడిగిన అందెలు, వంతల చేతుల్లో గుమ్మెటలు. చిడతల చప్పుడు, అందెల చప్పుడు ముల్లులా గుచ్చుకుని మాయమవుతాయి. గుమ్మెట, ఢోలక్ ఎడమ వైపు దెబ్బలు లోతుగా మోగి కొంత ఊగుతాయి. వీటి మధ్య కథకుడు పాటలోంచి మాటలోకి, మాటలోంచి గర్జనలోకి రెప్పపాటులో మారిపోతాడు. మంచి స్పీకర్ మీద ప్రతి దెబ్బా విడివిడిగా పడి, దాని వెంటనే వచ్చే మాట చివరి అక్షరం కూడా తేటగా వినిపిస్తుంది. చెడ్డచోట గుమ్మెట మోత ఆ అక్షరాన్ని మింగేస్తుంది. శ్రోత ‘వేగం’ అని పిలిచేది ఈ విడివిడితనాన్నే.

కోన్ వేగం మన నడక వేగమే

స్పీకర్‌లో బేస్ స్వరాలను మోగించే వూఫర్ ముందుండే గరాటు ఆకారపు కాగితాన్నే కోన్ అంటారు. దాని వెనక సన్నని రాగి తీగ చుట్ట, అంటే వాయిస్ కాయిల్ ఉంటుంది. మెత్తని ఉక్కు పలకలు, అయస్కాంతం కలిసి ఏర్పరచిన సన్నని సందులో ఈ చుట్ట వేలాడుతుంది. ఆంప్లిఫయర్ కరెంటు పంపితే చుట్ట ముందుకూ వెనక్కూ కదిలి కోన్‌ను నెడుతుంది. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ రూపొందించిన పద్ధతి ఇది. మన ఇళ్లలోని స్పీకర్లలో చాలా భాగం ఇప్పటికీ దీని మీదే నడుస్తున్నాయి.

ఈ కోన్ ఎంత వేగంగా కదులుతుంది? 50 హెర్ట్జ్ బేస్ స్వరాన్ని గట్టిగా మోగిస్తూ అది మధ్య నుంచి ఇటు 5 మిల్లీమీటర్లు, అటు 5 మిల్లీమీటర్లు ఊగుతోందనుకుందాం. దాని గరిష్ఠ వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు మాత్రమే. చురుగ్గా నడిచే మనిషి వేగం అంతే. కష్టం వేగంలో లేదు, దిశ మార్చడంలో ఉంది. సెకనుకు నూరుసార్లు ఆగి వెనక్కి తిరగడానికి కోన్ మీద భూమ్యాకర్షణకు దాదాపు 50 రెట్ల త్వరణం పడుతుంది.

ఇక్కడే చాలామంది ఒక నిర్ణయానికి వస్తారు. బరువైన కోన్ నెమ్మదిగా, తేలికైన కోన్ చురుగ్గా ఉంటుందని. వినడానికి సబబుగానే ఉన్నా, లెక్క వేరు. గాలిలో పుట్టే శబ్ద పీడనం కోన్ త్వరణాన్ని బట్టి ఉంటుంది. త్వరణం అంటే బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది. బరువు రెట్టింపైతే త్వరణం సగమవుతుంది, శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. దాదాపు అన్ని స్వరాలూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కనుక తరంగం ఆకారం చెడదు, దెబ్బ ఆలస్యంగా పడదు. వాల్యూమ్ పెంచితే లోటు తీరిపోతుంది. తేలికైన కోన్ తక్కువ కరెంటుతో ఎక్కువ మోగుతుంది. అది దాని అసలు లాభం.

కోన్ స్పందనను నిజంగా ఆలస్యం చేసేది రాగి చుట్ట స్వభావం. ఏ చుట్టలోనైనా కరెంటు ఒక్కసారిగా పెరగదు. ఈ మొండితనాన్ని ఇండక్టెన్స్ అంటారు. 6 ఓమ్‌ల నిరోధం, 3 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్ ఉన్న పెద్ద వూఫర్ 300 హెర్ట్జ్ దాటేసరికే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ అయితే దాదాపు 950 హెర్ట్జ్ దాకా నిలబడుతుంది. అందుకే మంచి వూఫర్లలో ఇండక్టెన్స్ తగ్గించడానికి మధ్యనున్న ఉక్కు ధ్రువం చుట్టూ రాగి లేదా అల్యూమినియం ఉంగరం తొడుగుతారు. బేస్ చురుగ్గా ఉందనిపించే స్పీకర్ నిజానికి బేస్‌కు పై అంతస్తులోని స్వరాలను కూడా సరిగ్గా ఇస్తున్న స్పీకర్.

దెబ్బ మొన ట్వీటర్‌లో, ఒళ్లు వూఫర్‌లో

50 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు పూర్తి కావడానికే 20 మిల్లీసెకన్లు కావాలి. కాబట్టి బేస్ తనంతట తాను ఠక్కున పడలేదు. గుమ్మెట మీద వేళ్లు తగిలిన క్షణాన పుట్టే ‘ఠప్’ శబ్దం వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. దాన్ని ఇచ్చేది పై స్వరాల ట్వీటర్, మధ్య స్వరాల డ్రైవర్. ఆ వెంట వచ్చే ‘ధుం’ వూఫర్ పని. మొన, ఒళ్లు రెండూ చెవికి ఒక్కసారే అందితే అది ఒకే దెబ్బగా వినిపిస్తుంది. ఒళ్లు వెనకబడితే దెబ్బ చెదిరిపోతుంది.

అట్టడుగు స్వరాల కోసం విడిగా సబ్‌వూఫర్ వాడే ఇళ్లలో ఈ చెదరడం ఎక్కువ. సబ్‌వూఫర్ ఒక మీటరు దూరం జరిగితే దాని శబ్దం సుమారు 3 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. 80 హెర్ట్జ్ దగ్గర స్వరాలను విడగొట్టే ఫిల్టర్ తనవంతుగా మరో 5, 6 మిల్లీసెకన్లు కలుపుతుంది. మొత్తం ఆలస్యం ఆ స్వరం అరచుట్టు దాకా వెళ్తే సబ్‌వూఫర్ ముందుకు నెట్టే సమయానికి స్పీకర్ వెనక్కి లాగుతుంది. రెండూ కొట్టుకుపోయి సరిగ్గా దెబ్బ ఉండాల్సిన చోట గొయ్యి పడుతుంది. రిసీవర్‌లో దూరాలు నింపే సెట్టింగు, సబ్‌వూఫర్ వెనక ఫేజ్ మీట ఉన్నది దీన్ని సరిచేయడానికే. చాలా ఇళ్లలో కొన్నరోజు ఎలా ఉన్నాయో అవి అలాగే ఉంటాయి.

బ్రేకు పడే తీరు చూడండి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మొదలవడం ఎంత ముఖ్యమో, స్వరం ఆగిన చోట కోన్ ఆగడం అంతకన్నా ముఖ్యం. కోన్ చుట్టూ ఉన్న మెత్తని అంచు, వెనకనున్న స్పైడర్ అనే ముడతల గుడ్డ స్ప్రింగుల్లా పనిచేస్తాయి. స్ప్రింగుకు కట్టిన బరువు ఏదైనా ఒకసారి కదిపితే కాసేపు ఊగుతుంది. ఆ ఊపును ఆపేది ఏమిటో ఇంట్లోనే చూడవచ్చు.

ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ వైర్లు రెండూ పూర్తిగా ఊడదీయండి. లోపల సొంత ఆంప్లిఫయర్ లేని మామూలు స్పీకరే దీనికి పనికొస్తుంది. ముందున్న జాలీ తీసి, మధ్యలోని డోమును తాకకుండా, వూఫర్ కాగితాన్ని వేలి కొసతో మెల్లగా తట్టండి. ‘దుమ్మ్’ అని కాస్త సాగుతూ మోగుతుంది. ఇప్పుడు స్పీకర్ వెనకనున్న ఎర్ర, నల్ల టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలపండి. మళ్లీ అదే చోట తట్టండి. ఈసారి ‘డప్’ అని అక్కడికక్కడే చచ్చిపోతుంది. మంచి వూఫర్ అయితే కాగితం వేలికి కొంచెం బిగుసుకున్నట్టు కూడా తెలుస్తుంది. వైరు ముక్క తీశాకే ఆంప్లిఫయర్ తగిలించాలి, లేకపోతే అది దెబ్బతింటుంది.

తట్టినప్పుడు రాగి చుట్ట అయస్కాంత క్షేత్రంలో కదిలి తానే కరెంటు పుట్టిస్తుంది. టెర్మినళ్లు కలిపితే ఆ కరెంటుకు దారి దొరికి, కదలికకు ఎదురు బలంగా మారుతుంది. స్టీల్ ప్లాంటులో క్రేన్లు నడిపినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బరువు దించేటప్పుడు మోటారునే జనరేటరుగా మార్చి, పుట్టిన కరెంటును రెసిస్టెన్సుల్లో ఖర్చుచేసి వేగాన్ని అదుపు చేసే డైనమిక్ బ్రేకింగ్ సరిగ్గా ఈ సూత్రమే. స్పీకర్ మోగుతున్నప్పుడు వైరు ముక్క చేసే పనిని ఆంప్లిఫయర్ చేస్తుంది.

అందుకే ఆంప్లిఫయర్ పెట్టెల మీద డంపింగ్ ఫ్యాక్టర్ అని పెద్ద అంకెలు ముద్రిస్తారు. వాటికి మరీ లొంగిపోనక్కర్లేదు. చుట్ట నిరోధమే 6 ఓమ్‌లు ఉన్నప్పుడు ఆంప్లిఫయర్ నిరోధం 0.04 ఓమ్ అయినా 0.4 ఓమ్ అయినా మొత్తం 6.04 నుంచి 6.4కు మారుతుంది, అంతే. పది మీటర్లు లాగిన సన్నని అర స్క్వేర్ ఎం.ఎం. వైరు ఒక్కటే దాదాపు 0.7 ఓమ్ కలుపుతుంది. ఇంటి కరెంటు పనికి వాడే 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరైతే అది 0.14 ఓమ్‌కు దిగుతుంది. ఖరీదైన కేబుళ్లు చేసే మేలంతా ఈ వైరు చేసేస్తుంది.

పెట్టె లోపలి లెక్క

కోన్ ఎంతసేపు ఊగుతుందో చెప్పే అంకెను క్యూ అంటారు. దీన్ని లెక్కకట్టి పెట్టె కొలతలు నిర్ణయించే శాస్త్రాన్ని 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ మొదలుపెట్టగా, 1970లలో సిడ్నీలో రిచర్డ్ స్మాల్ పూర్తిచేశారు. అంతకుముందు స్పీకర్ పెట్టె చేయడం చాలావరకు అనుభవం, అంచనా. వాళ్ల తర్వాత అది కొలిచి చేసే పని అయింది.

మూసిన పెట్టెలో క్యూ 0.5 ఉంటే కోన్ ఒక్కసారి కూడా అటూ ఇటూ పోకుండా తిరిగి కుదురుకుంటుంది. 0.7 దగ్గర లోతు, అదుపు రెండూ సమతూకంలో ఉంటాయి. 1 దాటాక బేస్ ఉబ్బుతుంది. చిన్న పెట్టెలో పెద్ద వూఫర్‌ను ఇరికిస్తే లోపలి గాలి బిగుసైన స్ప్రింగులా మారి క్యూను పెంచుతుంది. గొట్టం ఉన్న పెట్టెల్లో ఆ గొట్టంలోని గాలి కూడా మోగుతుంది. దానివల్ల చిన్న వూఫర్ నుంచే ఎక్కువ బేస్ దొరుకుతుంది, బదులుగా అట్టడుగు స్వరాలు కొంచెం ఆలస్యంగా వస్తాయి. ఆ గొట్టాన్ని 35, 40 హెర్ట్జ్‌లకు శ్రద్ధగా కుదిరిస్తే చెవికి ఇబ్బంది ఉండదు. చవక పెట్టెల్లో దాన్ని 70, 80 హెర్ట్జ్‌ల దగ్గర కుదిర్చి బేస్ ఎక్కువని అమ్ముతారు. అప్పుడు ఏ పాట వేసినా ఒకటే ‘ధుం ధుం’ వినిపిస్తుంది.

ఇప్పుడు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. 50 హెర్ట్జ్ దగ్గర క్యూ 0.7 ఉన్న స్పీకర్‌లో శబ్దం 60 డెసిబెళ్లు పడిపోవడానికి, అంటే పూర్తిగా ఆరిపోయినట్టు అనిపించడానికి, సుమారు 31 మిల్లీసెకన్లు చాలు. క్యూ రెట్టింపై 1.4 అయిన నాసిరకం పెట్టెలో కూడా అది 62 మిల్లీసెకన్లే.

అసలు దోషి గది

ప్లాంటు క్వార్టర్లో అయినా, విజయనగరంలో కొత్తగా కట్టిన ఇంట్లో అయినా మన గదులకు ఇటుక గోడలు, సిమెంటు పూత, కాంక్రీటు స్లాబు ఉంటాయి. ఎండకూ వానకూ తట్టుకునే ఈ కట్టడం బేస్‌ను దాదాపు మొత్తం తిరిగి గదిలోకే కొడుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక స్వరం అర తరంగానికి సరిపోతే ఆ స్వరం గదిలో నిలిచి మోగుతుంది. దీన్నే అనునాదం అంటాం. 3.5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిని తీసుకోండి. పొడవు వల్ల 49 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల 57 హెర్ట్జ్ దగ్గర అనునాదం వస్తుంది. ఎత్తు కూడా 3 మీటర్లే కనుక 57 హెర్ట్జ్ దగ్గర రెండోది వచ్చి కలుస్తుంది. గుమ్మెట, ఢోలక్, తబలా డగ్గా లోతైన దెబ్బలకు ఈ జంట అనునాదం, దాని పైనున్న అనునాదాలు కలిసి అడ్డుపడతాయి.

ఇలాంటి గదిలో ఒక అనునాద స్వరం ఆరిపోవడానికి అర సెకను నుంచి ఒక సెకను వరకు పట్టవచ్చు. 0.8 సెకను అనుకుందాం. కథ ఊపందుకుని సెకనుకు నాలుగు దెబ్బలు పడుతుంటే రెండు దెబ్బల మధ్య వ్యవధి పావు సెకను. అంతలో పాత దెబ్బ మోత 19 డెసిబెళ్లే తగ్గుతుంది. అది ఇంకా గదిలో ఉండగానే కొత్తది వచ్చి మీద పడుతుంది. మరో సంగతి, ఒక పెద్ద శబ్దం ఆగాక నూరు, రెండు వందల మిల్లీసెకన్ల దాకా మన చెవి సన్నని శబ్దాలకు మొద్దుబారి ఉంటుంది. మోత సాగేకొద్దీ ఆ మొద్దుతనమూ సాగుతుంది. కథకుడి మాట చివరి అక్షరం మునిగిపోయేది అక్కడే.

స్పీకర్ 31 మిల్లీసెకన్లలో ఆగింది. గది 800 మిల్లీసెకన్లు మోగింది. స్పీకర్ మార్చి 31ని 25 చేసుకున్నా ఆ 800 అలాగే ఉంటుంది. నాలుగు, అయిదు అంగుళాల చిన్న స్పీకర్లు మన గదుల్లో ‘ఫాస్ట్’గా వినిపించడానికి కూడా కారణం ఇదే. అవి 60 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ ఇవ్వవు కాబట్టి గదిని కదిలించవు.

ఏం చేయాలి

గదిని మార్చడానికి గోడలు పడగొట్టనక్కర్లేదు. అనునాదాల పీడనం మూలల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. మూలన పెట్టిన స్పీకర్ వాటన్నిటినీ ఒకేసారి లేపుతుంది. ముందుగా స్పీకర్లను మూలల నుంచి బయటికి లాగండి. సోఫా వెనక గోడకు ఆని ఉంటే అడుగో, రెండడుగులో ముందుకు జరపండి. గది సరిగ్గా మధ్యలో కూడా కూర్చోవద్దు, అక్కడ కొన్ని స్వరాలు మాయమవుతాయి.

పల్చని ఫోమ్ పలకలు, కర్టెన్లు పై స్వరాల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, బేస్‌ను మాత్రం తాకవు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని మింగడానికి మూలల్లో నిలువునా పేర్చిన మందమైన గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్ దిండ్లు కావాలి, కనీసం ఒకటిన్నర, రెండు అడుగుల మందం ఉంటే మంచిది. అవి గుడ్డలో బిగువుగా కుట్టి ఉండాలి, ఆ పీచు ఊపిరితిత్తులకు మంచిది కాదు. తలుపు తెరిచి పెట్టడం కూడా బేస్‌కు బయటికి దారి ఇస్తుంది. పొరుగువాళ్ల ఓర్పును బట్టి ఆ పని చేయాలి.

రిసీవర్‌లోగానీ ఫోనులోగానీ ఈక్వలైజర్ ఉంటే, గది మోగిస్తున్న ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని తగ్గించండి. కూర్చునే చోట ఆ స్వరం పొంగు ఎంత తగ్గితే మోత సాగడం కూడా అంత తగ్గుతుంది. గొయ్యి పడిన స్వరాన్ని పెంచాలని మాత్రం చూడకండి, వూఫర్ అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. సబ్‌వూఫర్ వాడేవాళ్లు దాన్ని తాము కూర్చునే చోట పెట్టి ఒక బేస్ పాట వేసి, గదిలో మోకాళ్ల మీద తిరుగుతూ ఎక్కడ సమంగా వినిపిస్తుందో వెతకాలి. దొరికిన చోటే సబ్‌వూఫర్‌కు సరైన చోటు. పెద్ద సబ్‌వూఫర్ ఒకటి కొనడం కన్నా, చిన్నవి రెండు ఎదురెదురు గోడల మధ్యల్లో పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇవన్నీ చేశాక ఇంకా తృప్తి లేకపోతే అప్పుడు దుకాణానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన బుర్రకథో, పండవానీయో ఫోనులో తీసుకెళ్లండి. దుకాణం వాళ్లు వేసే మెరుపుల పాట బదులు దాన్నే వేయించుకోండి. గుమ్మెట దెబ్బల మధ్య కథకుడి మాట పూర్తిగా వినిపిస్తే ఆ స్పీకర్ కొనదగ్గదే. వీలైతే రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని వినడానికి అడగండి. మీ గదిలో వినకుండా ఏ స్పీకర్‌కూ పూర్తి డబ్బు చెల్లించకండి.